కలకత్తా ట్రాము ఎక్కాలంటే ఇప్పుడే వెళ్ళండి

మా తాతగారు మద్రాసులో చదువుకున్న రోజుల గురించి చెబితే అందులో ట్రాంబండి తప్పకుండా వచ్చేది. మన దేశంలో కరెంటుతో నడిచే ట్రాము మొదట వచ్చింది అక్కడే, 1895లో. 1953 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మనవాళ్ళు కర్నూలు దారి పట్టేసరికి మద్రాసు వీధుల్లో ట్రాం గంట లేదు. కాన్పూరులో అంతకు ఇరవై ఏళ్ళ ముందే పోయింది. ఢిల్లీలో 1963లో, బొంబాయిలో 1964లో ఆపేశారు. మిగిలింది కలకత్తా ఒక్కటే. అదీ ఎన్నాళ్ళుంటుందో అన్న బెంగతో 2025 జనవరిలో నేనూ మా ఆవిడా సికింద్రాబాదులో ఫలక్‌నుమా ఎక్కాం.

హౌరాలో దిగాక టాక్సీ కోసం బేరాలాడే పని పెట్టుకోకండి. స్టేషన్ నుంచే మెట్రో ఉంది. 2024 మార్చిలో మొదలైంది, హుగ్లీ నది అడుగు నుంచి వెళుతుంది. పెట్టెలతో సహా హాయిగా ఊరి నడిబొడ్డున ఎస్ప్లనేడ్‌లో తేలాం.

బస విషయంలో ఒక పొరపాటు చేశాం. ఎస్ప్లనేడ్‌కి నడిచి వెళ్ళొచ్చు కదా అని సడ్డర్ స్ట్రీట్‌లో ఒక లాడ్జిలో దిగాం. రూము చవకే గానీ రెండు రోజులూ వేడినీళ్ళు రాలేదు, రాత్రి ఒంటిగంట దాకా కింద గోల. మూడో రోజు గరియాహాట్ దగ్గర ఒక ఇంట్లో నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాం. అద్దె కాస్త ఎక్కువే అయినా నిద్ర పట్టింది. పొద్దున్నే లూచీ (మైదా పూరీ), ఆలూకూర వేడివేడిగా పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యం, ట్రామ్ డిపో నడిచి వెళ్ళేంత దగ్గర. బండి అక్కడే బయలుదేరుతుంది కాబట్టి కిటికీ సీటు ఖాయం. ట్రాము కోసమే వెళ్ళేవాళ్ళు నేరుగా గరియాహాట్‌లోనే దిగండి.

మేం వెళ్ళినప్పుడు నడుస్తున్నవి రెండే రూట్లు. ఒకటి శ్యాంబజార్ నుంచి ఎస్ప్లనేడ్‌కి వెళ్ళే 5 నంబరు, రెండోది గరియాహాట్ నుంచి ఎస్ప్లనేడ్‌కి వెళ్ళే 25 నంబరు. టిక్కెట్టు ఏడు రూపాయలు.

రెండిట్లో ఒక్కటే ఎక్కే వీలుంటే 5 ఎక్కండి. హాతీబగాన్ సంత, హేదువా చెరువు, కాలేజ్ స్ట్రీట్ పాత పుస్తకాల బడ్లు అన్నీ కిటికీకి అంగుళాల దూరంలో జరిగిపోతుంటాయి. కాలేజ్ స్ట్రీట్‌లో దిగి కాఫీ హౌస్‌కి వెళ్ళాం. కాఫీ మామూలుగానే ఉంది, ఎత్తైన ఆ పాత హాల్లో కూర్చోవడం మాత్రం బాగుంది. మళ్ళీ ట్రాము కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. ఈ సర్వీసులో నిజమైన లోపం ఇదే. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. రోజూ ఆఫీసుకి వెళ్ళే మనిషి దీన్ని నమ్ముకోలేడు. జనం ఎక్కడం లేదు కాబట్టి బండ్లు తగ్గించామంటారు గానీ, బండ్లు తగ్గించడం వల్లే జనం ఎక్కడం మానేశారని అక్కడ నిలబడితే ఎవరికైనా అర్థమవుతుంది.

25 నంబరులో వెళ్ళేటప్పుడు పార్క్ సర్కస్ అనే పేట దాటాక బండి ఉన్నట్టుండి ఆగింది, ఫ్యాన్లు కూడా ఆగిపోయాయి. పైన కరెంటు తీగను తాకుతూ వెళ్ళే పొడుగాటి కడ్డీ పట్టు తప్పింది. కండక్టరు దిగి, వెనక వేలాడుతున్న తాడు పట్టుకుని, తల పైకెత్తి, గాలిపటం ఆడించినట్టు కడ్డీని అటూ ఇటూ జరిపాడు. రెండుసార్లు తప్పింది. మూడోసారి చిన్న నీలి మెరుపు మెరిసి కడ్డీ తీగను పట్టుకుంది, ఫ్యాన్లు తిరిగాయి. చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ మళ్ళీ టిక్కెట్లు కొట్టడంలో పడ్డాడు. మా ఎదుట కూర్చున్న పెద్దాయన వాచీ కూడా చూసుకోలేదు.

ఎస్ప్లనేడ్ డిపోలో స్మరణిక అనే చిన్న మ్యూజియం ఉంది. 1938 నాటి ట్రాము పెట్టెనే 2014లో మ్యూజియంగా మార్చారు. గంటలో చూసేయొచ్చు గానీ ఎంత చరిత్ర ఉందో! 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్ దాకా గుర్రాలు లాగిన ట్రాము నడిచింది, జనం లేక ఆ ఏడాదే ఆపేశారు. 1880లో మళ్ళీ పట్టాలేశారు. ఒక దశలో ట్రాం కంపెనీకి వెయ్యి గుర్రాలుండేవి. ఆవిరి ఇంజన్లూ పెట్టి చూశారు. 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కి కరెంటు ట్రాము వచ్చింది. 1953లో టిక్కెట్టు ఒక్క పైసా పెంచితే ఊరు ఊరంతా రోడ్డెక్కింది. పైసా కోసం అంత పోరాడారంటే, ఆ బండి పేదవాడి బతుకులో ఎంతగా కలిసిపోయిందో ఆలోచించండి.

మేం వెళ్ళేనాటికి ప్రభుత్వం మాట వేరు. 2024 సెప్టెంబరులో రవాణా మంత్రి ఎస్ప్లనేడ్, మైదాన్ మధ్య ఒక్క వారసత్వ రూటు ఉంచి మిగతావన్నీ ఆపేస్తామన్నారు. ఊరి మొత్తం స్థలంలో రోడ్లు 6 శాతమే, ట్రాముల వల్ల ట్రాఫిక్ ఆగిపోతోందన్నది వారి వాదన. పూర్తిగా కొట్టిపారేసే వాదన కాదది. హాతీబగాన్‌లో పట్టాల మీద పెట్టిన ఒక వ్యాను కోసం మా బండి పది నిమిషాలు ఆగింది, డ్రైవరు కాలితో గంట కొడుతూనే ఉన్నాడు. కానీ అక్కడ అడ్డం పెట్టింది వ్యాను, ట్రాము కాదు. రెండు మూడు చోట్ల పట్టాల మీద తారు పోసేశారు, అరిగిన చోట ఇనుము అంచు బయటికి కనబడుతోంది. మేం వెళ్ళేనాటికి దీని మీద హైకోర్టులో కేసు నడుస్తోంది. ఇక తారు పోయొద్దని కోర్టు కూడా ఆదేశించింది. షికారు బండిగా ఒక్క రూటు మిగలడం నాకు ఓదార్పు కాదు.

ఎందుకంటే చివరి రోజు ఉదయం చూసిందొకటి చెప్పాలి. బాలీగంజ్ ఫాడీ దగ్గర ఒక ముసలావిడ సంచిలో రెండు కాలీఫ్లవర్లు పెట్టుకుని ఎక్కింది. నాలుగు స్టాపుల తర్వాత లేచింది. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. కండక్టరు "ఆస్తే, మాశీమా, ఆస్తే" (మెల్లిగా, పిన్నిగారూ, మెల్లిగా) అంటూ సంచి అందుకున్నాడు. ఆవిడ రెండు కాళ్ళూ నేల మీద పెట్టి, సంచి తీసుకుని, రోడ్డు దాటి అవతలి పేవ్‌మెంట్ ఎక్కాకే డ్రైవరు గంట కొట్టాడు.