మసాయ్ మారాలో మూడు రాత్రులు, ఆరు పిన్నీసులు

కెన్యాలోని వన్యప్రాణుల పార్కు మసాయ్ మారాలో, రాత్రికి మనిషికి 140 డాలర్లు పుచ్చుకున్న టెంట్ క్యాంపులో దోమతెరకు చిల్లు. నా పిడికిలి దూరేంత చిల్లు! దాని పక్కనే సిగరెట్‌తో కాల్చినట్టు అంచులు నల్లబడ్డవి ఇంకో రెండు. మేనేజర్‌ని పిలిస్తే నవ్వేసి, ఇక్కడ ఎత్తు ఎక్కువ మేడమ్, దోమలుండవు అన్నాడు. ఎత్తు మాట నిజమే, 1,500 మీటర్ల పైనే. కానీ కెన్యాలో 2,500 మీటర్ల లోపు ఎక్కడైనా మలేరియా రావచ్చని మా డాక్టర్ ముందే హెచ్చరించారు. ఆ మాటే అంటే రేపు కొత్త తెర వేయిస్తానన్నాడు, ఆ రేపు మూడు రాత్రులైనా రాలేదు. చివరికి మా అత్తయ్య, టార్చి నన్ను పట్టుకోమని, చీరకు పెట్టుకునే పిన్నీసులు తీసి, తెర మడత పెట్టి ఆరు గుచ్చింది.

మోసం హైదరాబాద్‌లోనే మొదలైంది లెండి. ఈ ప్రయాణానికి కావాల్సిన ఎల్లో ఫీవర్ (దోమలతో వచ్చే ఓ జ్వరం) టీకాకు ట్రావెల్ ఏజెంటు మనిషికి 4,500 రూపాయలు అదనంగా అడిగాడు. పైగా సూది భయమైతే టీకా వేయకుండానే, వేసినట్టు ఉత్త కార్డు ఇప్పిస్తాడట! మేమే ప్రభుత్వ సెంటర్‌కి వెళ్తే అందులో నాలుగో వంతు కూడా కాలేదు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో అది లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మామయ్యకు 67. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో అరుదుగా ఇబ్బందులొస్తాయట, అందుకే డాక్టర్ బీపీ నుంచి గుడ్డు పడుతుందా అనేదాకా అన్నీ అడిగారు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదని ఆయన విసుక్కున్నారు.

మలేరియా రాకుండా మాకు డాక్సీసైక్లిన్ మాత్రలు రాశారు. వెళ్లే ముందు రోజు నుంచి, వచ్చాక నాలుగు వారాల దాకా రోజూ వేసుకోవాలి. గ్లాసుడు నీళ్లతో మింగి కాసేపు కూర్చోమన్నారు. మా ఆయన రెండు గుక్కలతో మింగి పడుకుని, తెల్లార్లూ గుండె మంట అంటూ నన్ను లేపుతూనే ఉన్నాడు. ఆ మందుతో ఎండ కూడా పడదు. టోపీ మాట వినకుండా జీపు పైకప్పులోంచి నిలబడి సింహాలను చూసినందుకు మెడంతా కందిపోయింది. పైగా ముదురు నీలం టీషర్టు! రక్తం పీల్చే సెట్సీ ఈగలకు నీలం, నలుపు అంటే మహా ఇష్టమని, బట్టల మీంచి కూడా కుడతాయని డ్రైవర్ చెప్పాక గానీ మార్చలేదు. దోమలకు క్రీమ్ కొనేటప్పుడు అందులో డీట్ (దోమల్ని దగ్గరికి రానివ్వని మందు) 20 శాతం పైన ఉందో లేదో చూడండి. ముందు సన్‌స్క్రీన్, దాని మీద ఇది.

సఫారీ మాత్రం బ్రహ్మాండం, ఆగస్టులో రోజుకు 200 డాలర్ల పార్కు ఫీజు కట్టినా బాధనిపించలేదు. పార్కులోకి ప్లాస్టిక్ నీళ్ల సీసాలు తేనివ్వరు, స్టీలు బాటిళ్లు తీసుకెళ్లండి. కుళాయి నీళ్లు నోట్లో పోయకండి.

వచ్చిన పంతొమ్మిదో రోజు మామయ్యకు జ్వరం. ఆఫ్రికా వెళ్లొచ్చామని ముందే చెప్పి అదే రోజు మలేరియా పరీక్ష చేయించాం. లేదు, ఉత్త పడిశం. అత్తయ్య పిన్నీసులు మాత్రం ఆ తెరకే ఉండిపోయాయి.