భర్త తాగుడు మానే కథల్లో ఏది మేలు: ఒక్క రాత్రిలో మారేదా, పడి లేచేదా?

మా పలాస వైపు చర్చి స్త్రీల కూటాల్లో చేతులు మారే కథలు రెండు రకాలు. ఒకదాంట్లో భార్య ఉపవాస ప్రార్థన పట్టుద్ది, భర్త ఉజ్జీవ కూటాల్లో మోకాళ్ళ మీద పడి ఏడుస్తాడు, ఆ రాత్రి నుంచి చుక్క ముట్టడు. రెండోది అమెరికా క్రిస్టియన్ నవలల తరహా, మొగుడో పెళ్ళామో తాగుడు మాన్పించే సెంటర్‌లో చేరతారు, బాగై వస్తారు, మళ్ళీ జారిపోతారు, కాపురం మెల్లగా అతుక్కుంటది, ఒక్కోసారి అతుక్కోదు కూడా.

మొదటి రకాన్ని నేను తీసిపారెయ్యను. అర్ధరాత్రి దాకా తలుపు చప్పుడు కోసం చూసే మనిషికి దేవుడు మారుస్తాడన్న ధైర్యం కావాలి, అలా మారినోళ్ళు మన సంఘాల్లో ఉన్నారు కూడా. కానీ నెల మానేసి మళ్ళీ మొదలెడితే? జీడి పిక్కల పనికెళ్ళే ఒక చెల్లి, ఆ రసానికి వేళ్ళ చివర్లు నల్లగా ఉంటాయి, ఆ వేళ్ళతోనే పుస్తకం మూసేసి "అక్కా, నా విశ్వాసమే చాల్లేదేటి?" అంది. ఆయన సీసా ఎత్తితే ఈమె లెక్క అప్పజెప్పుకోవడం ఏటండీ?

పైగా ఏళ్ళ తరబడి బాగా తాగినోడు ఒక్కసారిగా ఆపేస్తే ఆ రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనపడ్డం, ప్రాణం మీదకి కూడా రావచ్చు. ప్రార్థన చేస్తూనే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాలి. ఒక్క రాత్రి కథలు ఈ మాట చెప్పవు.

అందుకే నా ఓటు రెండోదానికే. అమెరికాలో ఇలాంటి పని చర్చిల్లో కూడా నడుస్తది, 1991లో కాలిఫోర్నియా శాడిల్‌బ్యాక్ చర్చిలో సెలబ్రేట్ రికవరీ అని, తాగుడు లాంటివి మానాలనుకునే వాళ్ళ కూటం మొదలైంది, తాగుబోతుల ఇంటివాళ్ళు ఒకరికొకరు తోడుండే అల్-అనాన్ కూటాలు, చర్చివి కాకపోయినా, 1951 నుంచే ఉన్నాయి. ఇది నా వల్ల రాలేదు, నా అదుపులో లేదు, నేను నయం చెయ్యలేను అని అల్-అనాన్ వాళ్ళు చెప్పుకుంటారు, ఆ మాటే ఈ కథల్లోకీ వచ్చింది. వీటిల్లో నాకు గట్టిగా పట్టుకునేది భార్య అబద్ధం మానేసే చోటు. మన దగ్గరైతే పొద్దున్నే మేస్త్రీ ఫోన్ చేస్తే "ఆయనకి జొరం" అంటాం కదా, అది. బైబిల్లో అబీగయీలు తన మొగుడు నాబాలును అలా కప్పిపెట్టలేదు, దావీదు ముందు ఉన్నదున్నట్టు చెప్పింది, మొగుడితో మాట్లాడ్డానికి మాత్రం మత్తు దిగే తెల్లవారే దాకా ఆగింది (1 సమూయేలు 25).

వీటికీ లోటుంది. కౌన్సిలర్, సొంత కారు, విడిగా ఉండడానికి ఇల్లు, మనకి ఎక్కడివి? ఇక్కడ అత్తామామలు, డ్వాక్రా అప్పు, సంఘంలో పరువు. దెబ్బలు కూడా ఓర్చుకో అని నేర్పే కథైతే ఏ రకమైనా అక్కర్లేదు, దానికి 2005 గృహహింస చట్టం ఉంది, 181కి ఫోన్ ఉంది. తాగుడు గురించి అడగాలంటే 14446.

నాకు కావాల్సిన నవల మనూరి మనిషే రాయాలి. అందులో పాస్టరమ్మ ఆ ఇంటికొచ్చి ప్రార్థన చేసి, తర్వాత ఆ చెల్లితో పాటు శ్రీకాకుళం పెద్దాసుపత్రి ఓపీ లైన్లో కూడా నిలబడాలి.