ముద్రా లోను మూడేళ్ళు కట్టాక, 14 రూపాయల 70 పైసల గొడవ

ముద్రా లోను అంటే చిన్న వ్యాపారాలకి తాకట్టు లేకుండా బ్యాంకులిచ్చే అప్పు, అందులో శిశు చిన్న మెట్టు, కిశోర్ దాని పైది, మిగతా వివరాలు అందరికీ తెలిసినవే కాబట్టి మళ్ళీ రాయట్లేదండి. నాది శిశు, 50 వేలు. 2022 ఆగస్టులో ఒక గవర్నమెంటు బ్యాంకులో తీసుకుని 2025 ఆగస్టుతో 36 నెలలూ కట్టేశాను. రాజమండ్రిలో మా ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడతాను, పీకో ఫాల్స్ కూడా చేస్తాను. ఆ డబ్బుతో పవర్ మిషనూ ఓవర్‌లాక్ మిషనూ వచ్చాయి, మిగిలిన కాస్త పెట్టి తాడితోట బట్టల మార్కెట్లో లైనింగ్ గుడ్డ ఒకేసారి తెచ్చుకున్నాను. మిషన్ల డబ్బు కొటేషన్ చూసి బ్యాంకువాళ్ళే షాపుకి నేరుగా పంపేశారు, అది మంచిదేలెండి, నా చేతికొస్తే ఇంకో దానికి ఖర్చైపోయేదేమో.

ఈ లోనులో నాకు ప్రాణం లేచొచ్చిన విషయం ఒక్కటే, ఇంటికి ఎవ్వరూ రారు.

ఇది ఎందుకింత గొప్పో అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది. నా పెళ్ళైన కొత్తలో మా అత్తగారు చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీవాళ్ళ గ్రూపులో ఉండేవారు, వారం వారం పొద్దున్నే ఏడింటికల్లా ఒకావిడ అరుగు మీద అందరూ చేరాలి, ఒక్కళ్ళు కట్టలేకపోయినా మిగతా అందరూ అక్కడే కూర్చోవాలి, వంటా లేదు పిల్లల స్కూలూ లేదు. ఒకసారి ఎవరో ఊరెళ్ళిపోతే ఆవిడ కిస్తీ మేమే తలా కాస్తా వేసి కట్టాం. 2010 అక్టోబరులో ఈ కంపెనీల మీద ప్రభుత్వ ఆర్డినెన్స్ వచ్చి వారం వసూళ్ళు కాదు నెలకోసారి అన్నారు, ఆ తర్వాత వాళ్ళు మా వీధికి రావడమే మానేశారు. హమ్మయ్య అనుకునేలోపు రోజు ఫైనాన్స్ అబ్బాయి దిగాడు, పది వేల అప్పుకి చేతికి తొమ్మిది వేలు, రోజుకి వంద చొప్పున వంద రోజులు. చిన్న వడ్డీలాగే ఉంటుంది కదా, మా అక్క కొడుకు లెక్కేసి ఏడాదికి 75 శాతం పైనే పిన్నీ అన్నాడు. బ్యాంకులో నాకు పడింది 11 శాతం.

అందుకే మొదటి ఏడాదంతా జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ ఈ లోను గురించి చెప్పాను. ష్యూరిటీ అడగరు, మర్యాదగా ఇస్తారు అని. ఇప్పుడు కాస్త సర్ది చెప్పాలి. ష్యూరిటీ కాగితం మీద అడగలేదు నిజమే, కానీ మేనేజరు గారు "మీకు తెలిసిన ఉద్యోగస్తులెవరైనా ఉన్నారామ్మా" అని రెండుసార్లు అడిగారు, మా ఆడపడుచు భర్త టీచరు, ఆయన నాతో వచ్చి కూర్చున్న రోజే ఫైలు కదిలింది. మర్యాదగానే ఇచ్చారు, నాలుగు సార్లు తిప్పి ఇచ్చారు.

ఇక అసలు సంగతి. ఈఎంఐ 1,637, ప్రతి నెలా 5వ తారీఖు ఆటో డెబిట్. క్యూఆర్ కోడ్ డబ్బులు పడేది వేరే బ్యాంకులో ఉన్న నా పాత ఖాతాలోకి, అక్కణ్ణించే కట్ అయ్యేట్టు సంతకం పెట్టించుకున్నారు. దాదాపు రెండేళ్ళు ఒక్క నెల తప్పలేదు. 2024 ఎండాకాలం గుర్తుందా, మూఢం, దాని వెనకాలే ఆషాఢం, దగ్గర దగ్గర మూడు నెలలు ముహూర్తాల్లేవు. పెళ్ళిళ్ళు లేకపోతే మాకు పని లేదండి, స్కూలు యూనిఫారాలు, పాత జాకెట్లు వదులు చెయ్యడం, అంతే. జులై 4న ఖాతా అడుగంటిపోయి ఉంటే ఎలాగో సర్ది సరిగ్గా 1,640 ఉండేలా చూశాను. మూడు రూపాయలు ఎక్కువే కదా అనుకున్నాను.

ఆ రాత్రే మూడు నెలల ఎస్సెమ్మెస్ చార్జీ అని 17 రూపాయల 70 పైసలు లాగేశారు. పొద్దున్న ఈఎంఐకి 14 రూపాయల 70 పైసలు తక్కువ. బౌన్స్. బౌన్స్ అయినందుకు 250, దాని మీద జీఎస్టీ, మొత్తం 295. నాకు మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషులో, తక్కువ పడిందని మాత్రం అర్థమైంది, 295 పోయిన మెసేజ్ చూసుకోలేదు. పోనీలే అని ఇంకో యాభై వేశాను, సరిపోతుందనుకుని. 10వ తారీఖున మళ్ళీ లాగబోయారు, అక్కడ ఉన్నదెంత, 1,377. మళ్ళీ బౌన్స్, మళ్ళీ 295. పద్నాలుగు రూపాయలకి 590 అండి! ఒక లైనింగ్ జాకెట్టు కుడితే నాకు మిగిలేదెంతో మీకు తెలుసుగా, మూడు జాకెట్ల కష్టం గాలికి పోయింది. మన అప్పుల చిట్టా ఉండే సిబిల్‌లో ఆలస్యం అని పడటం వేరే.

లోను ఇచ్చిన బ్యాంకుకి వెళ్తే ఆ చార్జీ మాది కాదమ్మా, ఖాతా ఉన్న బ్యాంకుది అన్నారు. అక్కడికి వెళ్తే సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా పడుతుంది మేడమ్, మేమేం చెయ్యలేం అన్నారు. మూడు రోజులు మిషను మూసి తిరిగాను. ఆఖరికి క్యాష్ కౌంటర్లో ఉన్నావిడ చీటీ మీద తెలుగులోనే అర్జీ రాయించి లోపలికి తీసుకెళ్ళింది, సెప్టెంబరులో ఒక 295 వెనక్కి వచ్చింది. రెండోది రాలేదు.

అప్పుడు నాకు ఎవరు గుర్తొచ్చారో చెప్తే నవ్వుతారు, ఆ రోజు ఫైనాన్స్ అబ్బాయి. జలగ వెధవే, కాదనను, కానీ "ఇవాళ లేదు తమ్ముడూ, రేపు ఇరవై కలిపి ఇస్తా" అంటే సరే అక్కా అని సైకిలెక్కి పోయేవాడు. ఇంటికి మనిషి రాకపోవడమే ఈ లోను గొప్ప అని ఊరంతా చెప్పానా, పద్నాలుగు రూపాయలు తక్కువైందని చెప్పుకోడానికి కూడా మనిషి లేడు.

మా అక్క కొడుకే తర్వాత వెతికి చెప్పాడు. 2022 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు రూల్సు ప్రకారం ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న ఇంటికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు, బ్యాంకు ఇచ్చినా కంపెనీ ఇచ్చినా, మైక్రోఫైనాన్స్ లెక్కేనట. ఆ ఇంటి వాయిదాలన్నీ కలిపి నెలాదాయంలో సగం దాటకూడదు, ముందే కట్టేస్తే జరిమానా ఉండకూడదు, మనకి అర్థమయ్యే భాషలో వివరాల కాగితం ఇవ్వాలి, వాయిదా ఎన్నాళ్ళకోసారి అన్నది అప్పు తీసుకున్నవాళ్ళ వీలుని బట్టి మార్చే పద్ధతి కూడా బ్యాంకు పెట్టుకోవాలి. నాకిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషే. శ్రావణంలో రెండు కిస్తీలు కట్టి ఆషాఢంలో ఒకటి వదిలేసేలా అడగొచ్చని నాకు ఎవరు చెప్పారు, అడిగితే ఇచ్చేవారో లేదో అదీ వేరే సంగతి.

తీసుకోమంటానా వద్దంటానా అంటే, నా మటుకు నాకు కలిసొచ్చింది. మిషన్లు నావి, మూడేళ్ళకి వడ్డీ తొమ్మిది వేల లోపే. కాకపోతే మా ఆయనకి నెల జీతం ఉంది, డ్వాక్రా గ్రూపులో నా పొదుపు ఉంది, ఆ రెండూ లేకపోతే ఆ ఎండాకాలం ఇంకో రెండు నెలలు బౌన్స్ అయ్యేవి. టిఫిన్ బండి లాంటి రోజూ డబ్బు కళ్ళజూసే పనికి ఈ ఐదో తారీఖు బాధ ఇంత ఉండదేమో. తీసుకుంటే మాత్రం ఖాతాలో ఒక కిస్తీ డబ్బు అదనంగా పడేసి మర్చిపోండి, నేను జులై దెబ్బ తర్వాత అలాగే చేశాను, మళ్ళీ ఒక్కసారీ పోలేదు.

ఇప్పుడు బ్యాంకువాళ్ళే ఫోన్ చేసి కిశోర్ కింద లక్షన్నర ఇస్తాం రండి అంటున్నారు. మగ్గం వర్క్ పెట్టాలని నాకూ ఉంది. తారీఖు 5 కాకుండా 15 పెడతారా అని అడిగాను, కనుక్కుని చెప్తామన్నారు, మూడు వారాలైంది.