ముల్లంగి, ఆవ మడుల్లో రంపపు ఈగను గుర్తుపట్టడానికి 10 రెట్ల భూతద్దం

చలికాలంలో ముల్లంగి, ఆవ, క్యాబేజీ లేత మొక్కల ఆకులను తినేసే పురుగులన్నీ గొంగళిపురుగులు కావు. వాటిలో ఆవ రంపపు ఈగ పిల్లపురుగు కూడా ఉంటుంది. శాస్త్రజ్ఞులు అథాలియా లుగెన్స్ ప్రాక్సిమా అని పిలిచే ఈ కీటకం చీమలు, తేనెటీగలు, కందిరీగల వర్గానికి చెందినది కనుక, గొంగళిపురుగుల కోసం తయారుచేసిన బీటీ కుర్‌స్టాకి అనే బ్యాక్టీరియా మందును ఎంత పిచికారీ చేసినా దీనికి ఏమీ కాదు. మందు కొనే ముందే తేడా తేల్చుకోవాలనుకునే ఆవ, ముల్లంగి రైతులకు, మిద్దెతోటల వారికి ఈ మడత భూతద్దం నిజంగా పనికొస్తుంది.

మూడు కటకాలు అతికించి చేసినది కావడం వల్ల బొమ్మ అంచుల్లో రంగుల చారలు కనబడవు. అద్దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని, ఆకును దానికి సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తెచ్చుకుంటే పురుగు పొట్ట కింది కాళ్లను జతలవారీగా లెక్కపెట్టవచ్చు. గొంగళిపురుగుకు ఇవి సాధారణంగా 5 జతలకు మించవు. ముడతలు పడి నలుపు కలిసిన ఆకుపచ్చగా ఉండే ఈ పిల్లపురుగుకు 8 జతలుంటాయి. తలకు ఒక్కో పక్క ఒకే ఒక నల్లని కంటిచుక్క ఉంటుంది, గొంగళికైతే చిన్న చుక్కల గుంపు. ముట్టుకోగానే ఇది చుట్టచుట్టుకుని రాలిపోయి చచ్చినట్టు పడి ఉంటుంది కాబట్టి, ఆకు కింద ముందే తెల్లకాగితం పట్టాలి. ఎండవేళ మట్టిలో దాక్కుంటుంది, ఉదయమో సాయంత్రమో చూడటం మేలు.

30 రెట్లని రాసి చవకగా అమ్మే అద్దాలను ఈ పనికి నేను సూచించను. వాటిలో కనబడే మేర మరీ చిన్నది, కదిలే పురుగు క్షణంలో తప్పిపోతుంది.

పిల్లపురుగును చూసి జాతిని కచ్చితంగా తేల్చడం మాత్రం ఈ అద్దంతో కుదరదు. తడిమట్టి పోసిన సీసాలో ముల్లంగి ఆకులు వేసి పెంచితే, అది మట్టిలో గూడు కట్టుకుని కొన్నాళ్లకు ఈగగా బయటికి వస్తుంది. నల్లని తల, నారింజ రంగు ఒళ్లు, పొగచూరిన రెక్కలు, కందిరీగకున్న సన్నని నడుము లేకపోవడం అప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి. ఆడ ఈగ తన రంపం లాంటి అవయవంతో ఆకు అంచును కోసి గుడ్లు దూర్చిన చోట్లు కూడా అద్దంలో తెలుస్తాయి గానీ, ఆ రంపపు పళ్లను చూడాలంటే మైక్రోస్కోపు కావాలి.