కిలో ఫైబర్ రెజిన్ సెట్: సరుకు మంచిదే, కొలతల కాగితమే కొంప ముంచుతుంది

కూలర్ అడుగు తొట్టి, ఫైబర్ తలుపు, షెడ్డు రేకు లాంటివి ఇంట్లోనే బాగుచేసుకునేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్ముతున్న సెట్ ఇది. కిలో జీపీ (సాధారణ వాడకపు పాలిస్టర్) రెజిన్, గట్టిపడటాన్ని వేగం చేసే ఊదారంగు కోబాల్ట్ సీసా, నీళ్లలా ఉండే 20 మి.లీ. హార్డ్‌నర్, చదరపు మీటరు (450 గ్రాముల) గాజునార మ్యాట్, ఒక బ్రష్షు వస్తాయి. మ్యాట్ తడవడానికి దాని బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు రెజిన్ పడుతుంది కాబట్టి ఒక పొరకు కిలో దాదాపు సరిపోతుంది. నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకుకు మాత్రం కొనకండి, పాలిథిన్‌కు ఈ రెజిన్ అంటుకోదు.

రెజిన్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. మ్యాట్‌లోకి చక్కగా ఇంకుతుంది, బుడగలు బ్రష్షుతో పొడిస్తే తేలిగ్గా పోతాయి. తేడా అంతా కొలతల కాగితంలో ఉంది. హార్డ్‌నర్ సీసా మొత్తం కిలో రెజిన్‌లో పోయమంటుంది. అది 2 శాతం పైమాటే. విజయవాడలో మే నెల మధ్యాహ్నం అలా పోస్తే బ్రష్షు ముంచేలోపే మగ్గు వేడెక్కుతుంది. తీగలా సాగాల్సిన రెజిన్ జున్నులా ముక్కలుగా తెగుతుంది. అదే కొలత ఆదిలాబాద్‌లో జనవరి తెల్లవారుజామున గంటల తరబడి జిగటగానే ఉండిపోవచ్చు. 10 డిగ్రీల వేడి పెరిగితే గట్టిపడే సమయం సుమారు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు పట్టే కలుపు 45 దగ్గర ఐదు నిమిషాలే ఆగుతుంది. ఒకే అంకె రెండు కాలాలకూ ఎలా పనికొస్తుంది?

హార్డ్‌నర్ సీసా మీద ‘క్యాటలిస్ట్’ అని ఉంది. బజారులో అందరూ అలాగే అంటారు, కానీ అది ఉత్ప్రేరకం కాదు. అందులో ఉన్నది మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్. అది విడిపోయి, చర్యను మొదలుపెట్టి, తాను ఖర్చయిపోతుంది. అసలు ఉత్ప్రేరకం కోబాల్టే. పెరాక్సైడ్‌ను మామూలు గది వేడికే విడగొడుతుంది, +2, +3 ఆవేశ స్థితుల మధ్య అటూ ఇటూ మారుతూ మళ్లీ పనిలోకి వస్తుంది. అందుకే అది చుక్కల లెక్కన చాలు. మరీ ఎక్కువైతే పెరాక్సైడ్ విడిపోయి పుట్టిన రాడికల్స్‌ను (చర్యను నడిపించే చురుకైన ముక్కలను) అదే మింగేస్తుంది.

ఈ తేడా చేతిపనిలో బాగా అక్కరకొస్తుంది. ఎండాకాలంలో నిదానం కావాలంటే కోబాల్ట్ తగ్గించండి. హార్డ్‌నర్‌ను 1 శాతం కంటే కిందికి దించొద్దు. దించితే నిదానంగా గట్టిపడటం కాదు, ఎన్నాళ్లున్నా పూర్తిగా గట్టిపడదు. మామూలు రోజుల్లో 100 గ్రాముల రెజిన్‌కు 6 శాతం కోబాల్ట్ ఉన్న ద్రావణం 0.3 మి.లీ., హార్డ్‌నర్ 1.5 మి.లీ.తో మొదలుపెట్టి, చిన్న కప్పులో పరీక్షించాకే పని మీదికి వెళ్లండి. కోబాల్ట్ ఎంత శాతమో ఈ సీసా మీద వేయలేదు. ఇది పెద్ద లోపం, కాబట్టి కప్పు పరీక్ష మానొద్దు. కలిపింది మగ్గులో ఉంచకుండా వెడల్పాటి ట్రేలో పోస్తే పుట్టిన వేడి బయటికి పోయి కొంచెం సమయం దొరుకుతుంది. మందంగా ఒకేసారి పోస్తే లోపలి వేడికి పగుళ్లొస్తాయి.

ప్యాకింగ్ విషయంలో అసలు క్షమించలేం. రెండు సీసాలూ ఒకే కవర్లో పక్కపక్కన పెట్టారు. కోబాల్ట్, పెరాక్సైడ్ నేరుగా కలిస్తే మంటలు లేస్తాయి, పేలుతుంది కూడా. పార్సిల్ రాగానే వేరుచేయండి. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలిపి, అది లేత ఊదారంగుకు తిరిగాకే హార్డ్‌నర్ పోయండి. కొలిచే సిరంజి కూడా దేనికది ఉండాలి. కళ్లద్దాలు సెట్‌లో లేవు, తప్పకుండా కొనుక్కోండి. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే వెంటనే పావుగంట నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

పైపొర మర్నాటికీ జిగటగా ఉంటే సరుకును తిట్టకండి. గాలిలోని ఆక్సిజన్ అక్కడ చర్యను ఆపేస్తుంది. పూత వేయగానే పాలిస్టర్ షీటు పరిచి గాలి లేకుండా అదిమితే గాజులా నున్నగా వస్తుంది. మిగిలిన హార్డ్‌నర్‌ను దాని సీసాలోనే, ఎండ తగలని చల్లటి చోట, కోబాల్ట్‌కు దూరంగా పెట్టండి. ఇనుప డబ్బాలోకి మార్చొద్దు.