మైనర్‌లో స్లామ్: 4 నోట్రంప్ మేలా, మైనర్‌వుడ్ మేలా, కిక్‌బ్యాకా?

బ్రిడ్జ్ వేలంలో రంగుల వరస కింద నుంచి క్లబ్స్, డైమండ్స్ (ఈ రెండే మైనర్లు), హార్ట్స్, స్పేడ్స్, ఆపైన తురుపు లేని నోట్రంప్. స్లామ్, అంటే పదమూడు ట్రిక్కుల్లో కనీసం పన్నెండు తెస్తామనే కాంట్రాక్ట్ వేసేముందు పార్ట్‌నర్ దగ్గర ఆసులెన్నో 4 నోట్రంప్ అని అడుగుతాం. తురుపు స్పేడ్స్ అయితే 4 నోట్రంప్ అడగడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు, జవాబు ఏదొచ్చినా 5 స్పేడ్స్‌లో ఆగొచ్చు. క్లబ్స్ కుదిరినప్పుడే తలనొప్పి. 1933లో ఈస్లీ బ్లాక్‌వుడ్ కనిపెట్టిన పాత పద్ధతిలో ఒక ఆసు ఉంటే 5 డైమండ్స్ అనాలి, అంటే పార్ట్‌నర్ దగ్గర ఒక్క ఆసే ఉందని తెలిసేసరికే 5 క్లబ్స్ దాటిపోయాం. తురుపు రాజుని కూడా లెక్కలో కలిపి ఐదు కీకార్డులు చేసిన తర్వాత కూడా ఈ ఇబ్బంది పూర్తిగా పోలేదు.

ఒక చేయి చూడండి. పార్ట్‌నర్ 1 డైమండ్, మీరు గేమ్ ఫోర్సింగ్‌గా (గేమ్ బోనస్ వచ్చే మెట్టు దాకా ఎవరూ ఆపకూడదని) 2 క్లబ్స్, ఆయన 3 క్లబ్స్. మీ దగ్గర స్పేడ్స్‌లో రాజు రాణి జాకీ నాలుగు, హార్ట్స్‌లో రాజు రాణి, ఒంటరి డైమండ్ ఐదు, క్లబ్స్‌లో ఆసు రాణి జాకీ పది ఎనిమిది ఆరు. మీ కీకార్డు ఒక్కటే, స్లామ్‌కి ఆయన దగ్గర మూడు కావాలి. 4 నోట్రంప్ అడిగారు, 5 హార్ట్స్ అన్నాడు, అంటే రెండే ఉన్నాయి, తురుపు రాణి లేదు. రెండు కీకార్డులు బయట ఉన్నాయని తెలిసింది గానీ 5 క్లబ్స్‌కి వెనక్కి వెళ్లలేం కదా. 1430 (జవాబు మొదటి మెట్టయితే ఒకటి లేదా నాలుగు, రెండోదైతే సున్నా లేదా మూడు) ఆడితే ఒక కీకార్డుకి జవాబు 5 క్లబ్స్ కాబట్టి అక్కడ కొంచెం నయం, ఆ రెండు మెట్లూ తారుమారయ్యే 3014లో అదీ లేదు.

ఇదే చేతికి మైనర్‌వుడ్ అయితే 4 క్లబ్స్ అనడమే ప్రశ్న. జవాబులు 4 డైమండ్స్ నుంచి 4 నోట్రంప్ దాకా సరిపోతాయి. ఇక్కడ అదే రెండు కీకార్డులకి మూడో మెట్టు 4 స్పేడ్స్ వస్తుంది, మీరు హాయిగా 5 క్లబ్స్ వేసి ఆగుతారు. డైమండ్స్ తురుపైనా 4 డైమండ్స్ అడిగితే ఆఖరి మెట్టు 5 క్లబ్స్, అదీ దాటదు.

కిక్‌బ్యాక్‌లో తురుపుకి పై రంగు అడుగుతుంది: క్లబ్స్‌కి 4 డైమండ్స్, డైమండ్స్‌కి 4 హార్ట్స్. కాగితం మీద ఇదే అందం, ఎందుకంటే 4 క్లబ్స్ మామూలు క్యూబిడ్లు (ఏ రంగులో ఆసు లాంటి పట్టు ఉందో చూపే బిడ్లు) మొదలుపెట్టడానికి మిగులుతుంది. మైనర్‌వుడ్‌లో పోయేది సరిగ్గా అదే: హార్ట్స్‌లో రెండు చిన్న ముక్కలు పెట్టుకుని ఆసులు లెక్కపెట్టడం వల్ల లాభం లేదు, ఆసు రాజు అవతలివాళ్ల దగ్గరుంటే మొదటి రెండు ట్రిక్కులకే ఆట అయిపోతుంది.

మరి కిక్‌బ్యాక్ ఎందుకు వద్దంటున్నానంటే, దెబ్బ తిన్నాను కాబట్టి. పైన చెప్పిన వేలమే, నేను 4 డైమండ్స్ అడిగాను, పార్ట్‌నర్ దాన్ని తన డైమండ్స్‌కి సపోర్ట్ అనుకుని స్పేడ్ ఆసు చూపిస్తూ 4 స్పేడ్స్ అన్నారు. మా మెట్ల ప్రకారం అది సున్నా లేదా మూడు, ఓపెన్ చేసిన చేయి సున్నా ఎలా అవుతుందని నేను 6 క్లబ్స్ వేశాను. రెండు ఆసులు చేజారాయి. 1 హార్ట్, 2 డైమండ్స్, 3 డైమండ్స్ తర్వాత 4 హార్ట్స్ అంటే ఇంకా ఘోరం: అది గేమా, ప్రశ్నా? రాత్రి పది గంటలకి, ఇరవయ్యో బోర్డులో, ఆ టెన్షన్‌లో ఎవరికి గుర్తుంటుంది.

అందుకే రెగ్యులర్ పార్ట్‌నర్‌తో నా ఓటు మైనర్‌వుడ్‌కే, కానీ మైనర్ మూడో మెట్టులో కుదిరి, గేమ్ ఫోర్సింగ్ అయ్యి, అవతలివాళ్లు నోరు మూసుకున్నప్పుడే. వాళ్లు 3 స్పేడ్స్ అని దూరితే 4 క్లబ్స్ ఊరికే పోటీ బిడ్. క్యూబిడ్ కావాలంటే 4 క్లబ్స్ దాటేసి 4 డైమండ్స్ అంటాం, అప్పుడు 4 నోట్రంప్ మళ్లీ మామూలు ప్రశ్న అవుతుంది.

మ్యాచ్‌పాయింట్స్‌లో (అవే ముక్కలు ఆడిన మిగతా జతలతో స్కోరు పోల్చే పోటీలో) ఇంకో చిక్కుంది. వల్నరబుల్ (బోనస్‌లూ జరిమానాలూ పెరిగే స్థితి) కానప్పుడు 3 నోట్రంప్‌లో రెండు ట్రిక్కులు ఎక్కువ తెస్తే 460, 5 క్లబ్స్ సరిగ్గా చేస్తే 400. 6 క్లబ్స్ అయితే 920 అనుకోండి, కానీ 3 నోట్రంప్ దాటామంటే సగం పందెం కాసేసినట్టే, ఏ పద్ధతైనా దీన్ని తప్పించలేదు.

కొత్త పార్ట్‌నర్‌తో కూర్చుంటే మాత్రం 4 నోట్రంప్, 1430, అంతే. క్లబ్స్ తురుపై నా చేతిలో ఒక్క కీకార్డే ఉంటే అసలు అడగను, క్యూబిడ్లతోనే తేల్చుకుంటాను.