డ్వాక్రా సంఘానికి బ్యాంకు లింకేజీ రుణం: చవకే, కానీ పుస్తకం గట్టిగా ఉంటేనే

పల్లెలో ఆడవాళ్లకు తాకట్టు లేకుండా దొరికే అప్పుల్లో సంఘం లింకేజీకి, అంటే పొదుపు సంఘం పేరున బ్యాంకు ఇచ్చే రుణానికి, సాటి వచ్చేది లేదు. లెక్క వేసి చూడండి. 3 లక్షలు, 36 నెలల వాయిదాలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు సుమారు 11,770 కట్టాలి, వడ్డీయే 1,23,700 దాకా అవుతుంది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద 3 లక్షల వరకు వడ్డీ 7 శాతమే, అంటే నెలకు నూటికి 58 పైసలు. వాయిదా 9,263, మొత్తం వడ్డీ 33,500 లోపు. తేడా 90 వేలు. పదిమంది ఉన్న సంఘంలో మనిషికి 9 వేలు మిగిలినట్టే.

ఇందులో బ్యాంకు చూసేది మనిషి ఆస్తిని కాదు, సంఘం నడవడికను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత అక్కడి ఆడవాళ్లు రోజుకు రూపాయి పొదుపు చేయడం మొదలుపెట్టారు. 2000 తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), దాని వెలుగు పథకం ఆ పొదుపును గ్రామ సంఘం (ఊళ్లోని సంఘాలన్నీ కలిసినది), మండల సమాఖ్య, జిల్లా సమాఖ్యల మెట్లుగా కట్టాయి. 2011లో మొదలైన జాతీయ మిషన్‌కు ఈ అనుభవమే పెద్ద ఆధారం. అందుకే అర్హత అంటే ఇప్పటికీ పంచసూత్రాలే: క్రమంగా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. సంఘం 6 నెలలు చురుగ్గా నడిచి ఉండాలి. ఆ 6 నెలలు లెక్కించేది పుస్తకాల్లోని మొదటి సమావేశం నుంచి, ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు. శాఖలో కాదంటే మినిట్స్ పుస్తకం తీసి చూపించండి.

ఎక్కువ సంఘాలు నష్టపోయేది రుణ మొత్తం దగ్గర. మొదటి విడతలో మూలనిధికి 6 రెట్లు లేదా లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. రెండో విడతలో 8 రెట్లు లేదా 3 లక్షలు. మూడో విడత నుంచి సూక్ష్మ రుణ ప్రణాళికను (ఏ సభ్యురాలికి దేనికి ఎంత కావాలో రాసిన కాగితం) బట్టి, కనీసం 6 లక్షలు. మూలనిధి అంటే పాసుపుస్తకంలో కనిపించే నిల్వ ఒక్కటే అనుకుంటారు. అది తప్పు. సభ్యుల పొదుపు, అంతర్గత అప్పులపై వచ్చిన వడ్డీ, మిషన్ నుంచి సంఘానికి వచ్చే రివాల్వింగ్ ఫండ్ అన్నీ అందులోకే వస్తాయి. పదిమంది నెలకు 200 చొప్పున రెండేళ్లు పొదుపు చేస్తే 48,000. వడ్డీ ఓ 4,000 కలిస్తే 52,000. దానికి 6 రెట్లు 3,12,000. ఆ 52,000లో 32,000 సభ్యుల చేతుల్లో అప్పుగా ఉండి, బ్యాంకులో 20,000 మాత్రమే కనబడుతుంటే, ఆ 20,000 మీదే లెక్కగడితే దక్కేది కనీస లక్షన్నరే. లెడ్జర్ సరిగ్గా లేని సంఘం సగానికి పైగా రుణాన్ని అలా పోగొట్టుకుంటుంది.

10 లక్షల దాకా రుణానికి తాకట్టు, మార్జిన్ (సంఘం సొంతంగా పెట్టాల్సిన వాటా) ఏవీ అడగకూడదు. పొదుపు ఖాతాను ఆపి ఉంచకూడదు, డిపాజిట్ పెట్టమనకూడదు. రిజర్వు బ్యాంకు నిబంధన ఇంత స్పష్టంగా ఉన్నా పొదుపు డబ్బు తీయనివ్వని శాఖలు ఉన్నాయి. అలాంటప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోకుండా సంఘం తీర్మానం జతచేసి రాతపూర్వకంగా అడగండి, మండలంలో సంఘాల పని చూసే అధికారి ఏపీఎంకు ఒక నకలు ఇవ్వండి.

కట్టిన వడ్డీని ప్రభుత్వం తిరిగిచ్చే సున్నా వడ్డీ పథకం గురించి ఒక మాట. ముందు సంఘం వడ్డీతో సహా కట్టాలి. ప్రభుత్వం ఇచ్చేది తర్వాత జమ అవుతుంది, కొన్నిసార్లు చాలా ఆలస్యంగా. గడువు తప్పిన సంఘానికి అదీ రాదు. గడువు తప్పడానికి కారణం చాలాచోట్ల డబ్బు లేకపోవడం కాదు, డబ్బు పొదుపు ఖాతాలో పడి అప్పు ఖాతాకు చేరకపోవడం. వోచరు మీద అప్పు ఖాతా నంబరే రాయించండి, లేదా పొదుపు ఖాతా నుంచి వాయిదా దానంతటదే మళ్లేలా శాఖలో రాసివ్వండి. గడువుకు 5 రోజుల ముందు సమావేశం పెట్టుకుంటే ఆలస్యమైనవాళ్లకు వ్యవధి దొరుకుతుంది.

ఇంకొక పాత జబ్బు, వచ్చిన అప్పును సమానంగా పంచేయడం. 3 లక్షలు తలా 30 వేలు చేస్తే గేదె కొనాలనుకునే ఆమెకు చాలదు, అవసరం లేని ఆమె తన వాటా ఇంకెవరికో ఇచ్చేస్తుంది. వాళ్లు ఎగ్గొడితే కట్టాల్సింది ఆమే, ఆమెతో పాటు సంఘమంతా. ఎవరికి దేనికి ఎంత, ఎన్ని నెలల్లో తీరుస్తారు అన్నది ప్రణాళికలో ముందే రాయాలి. ఈ ఒక్క కాగితం యానిమేటర్ (ఊళ్లో సంఘాల పుస్తకాలు రాసే మనిషి) ఇంట్లో కూర్చుని నింపేది కాదు. పదిమందీ కూర్చుని గట్టిగా మాట్లాడుకుని రాయాల్సింది.

నగదు విషయంలో మొహమాటం అసలే వద్దు. వాయిదా డబ్బు లీడరుకో యానిమేటరుకో ఇచ్చి ఊరుకుంటే ఎన్నో సంఘాలు మునిగాయి. ఇద్దరు సభ్యులు వంతులవారీగా బ్యాంకుకు వెళ్లాలి, రసీదు అదే రోజు మినిట్స్‌లో అంటించాలి. నెలకోసారి పాసుపుస్తకం అచ్చు వేయించి సమావేశంలో పైకి చదవాలి. చదువు రానివాళ్లు ఉన్న సంఘంలో ఇది మరీ ముఖ్యం.

అత్యవసరానికి లింకేజీ పనికిరాదు, మంజూరుకు వారాలు పడుతుంది. దానికి సంఘాలకే అప్పులిచ్చే సహకార సంస్థ స్త్రీనిధి ఉంది. గ్రామ సంఘం ద్వారా ఫోన్లో దరఖాస్తు వెళుతుంది, 48 గంటల్లో సంఘం ఖాతాకు డబ్బు చేరాలన్నది దాని లక్ష్యం. అయితే ఊళ్లో చెల్లింపులు పడిపోతే గ్రామ సంఘం గ్రేడు పడిపోతుంది, బాగా కట్టిన సంఘాలకూ పరిమితి తగ్గుతుంది. ఇది మాకు న్యాయంగా అనిపించదు.

అప్పు తీరిన రోజే ఖాతా మూసినట్టు బ్యాంకు నుంచి పత్రం తీసుకోండి. పది ఇరవై రూపాయల వడ్డీ మిగిలిపోయి ఖాతా తెరిచే ఉంటే పై విడత దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.